బీరువాలో అబ్బాజాన్ బంగారు వాచీ: కరిగించే ముందు దాని విలువ తెలుసుకోండి

ఇంటి పెద్ద కన్నుమూశాక నలభై యాభై రోజులకు బీరువా తెరుస్తారు. పొలం పాస్‌బుక్కు, బ్యాంకు కాగితాలు, నాలుగు జతల బట్టలు, అత్తరు సీసా బయటపడతాయి. వాటి మధ్యలో చిన్న వెల్వెట్ డబ్బాలో ఒక పాత వాచీ ఉంటుంది. పచ్చగా మెరుస్తుంది, కీ ఇస్తే ఇంకా నడుస్తుంది. దుబాయ్ నుంచి తెచ్చారని ఒకరు, నిజాం కాలంలో దాదాజాన్ కొన్నారని ఇంకొకరు అంటారు. చివరికి పెద్దబ్బాయి దాన్ని జేబులో వేసుకుని బంగారం షాపుకు వెళ్తాడు. షాపువాడు వెనక మూత ఊడదీసి, లోపలి మిషన్ పక్కన పడేసి, మిగిలినదాన్ని తూకం వేసి ఒక అంకె చెప్తాడు. పది నిమిషాల్లో వ్యవహారం ముగిసిపోతుంది.

ఆ పది నిమిషాల్లో రెండు తప్పులు జరిగే వీలుంది. మొదటిది, కరిగించకూడని వస్తువు కరిగిపోవడం. రెండోది, ఇంకా పెద్దది: ఆ వాచీ ఒక్క పెద్దబ్బాయిది కాదు. తల్లికి, తమ్ముడికి, చెల్లెలికి కూడా అందులో హక్కు ఉంది. విలువ తక్కువగా కడితే వాళ్ల హక్కు కూడా ఆ మేరకు తగ్గిపోతుంది. అందుకే పాత బంగారు వాచీ విలువ ఎలా కట్టాలో ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండటం మంచిది.

అసలు అది బంగారమేనా?

మొదట తేల్చుకోవాల్సింది ఇదే. పచ్చగా ఉన్న ప్రతి వాచీ బంగారం కాదు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన చాలా ఇళ్లలో రాడో వాచీ ఉంటుంది. నిజామాబాద్, కరీంనగర్, కడప, రాయచోటి వైపు దీన్ని ఇప్పటికీ బంగారంతో సమానంగా దాచుకుంటారు. రాడో కంపెనీ 1962లో తెచ్చిన డయాస్టార్ వాచీ గొప్పతనం అది గీతలు పడని గట్టి లోహంతో తయారు కావడం. టంగ్‌స్టన్ కార్బైడ్ అనే పదార్థం అది. బంగారు రంగులో ఉన్న డయాస్టార్‌కు ఆ రంగు పైపూతే. అది మంచి వాచీయే, దానికీ ఒక ధర ఉంది. కానీ బంగారం లెక్కన కాదు.

రెండో రకం బంగారు పూత వాచీలు. ఇత్తడి మీదో స్టీలు మీదో పలుచగా బంగారం పట్టించి ఉంటుంది. వెనక మూత మీద గానీ, బెల్టు తగిలించే కొమ్ముల వెనక గానీ చూస్తే 10 మైక్రాన్లు, 20 మైక్రాన్లు అని రాసి ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అంత పలుచని పొరలో ఉండే బంగారం చాలా కొద్ది. 'రోల్డ్ గోల్డ్', 'గోల్డ్ ఫిల్డ్', 'గోల్డ్ ప్లేటెడ్' అనే మాటలు ఉన్నా అర్థం అదే. 'స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్' అని ఉంటే వెనక మూత స్టీలు. అలాంటి వాచీల్లో ఎక్కువ భాగం పై కేసు కూడా పూతదే. కొమ్ముల అంచుల దగ్గర, కీ పక్కన రంగు అరిగి తెల్లగానో ఎర్రగానో లోపలి లోహం కనిపిస్తే సందేహం అక్కర్లేదు.

అయస్కాంతం పెట్టి చూడటం మనవాళ్ల అలవాటు. బంగారం అయస్కాంతానికి అంటుకోదు, నిజమే. కానీ ఇత్తడి కూడా అంటుకోదు. కాబట్టి ఆ పరీక్షతో బంగారమని తేల్చలేరు.

ముద్రలు చదవడం ఎలా?

నిజమైన బంగారు కేసు మీద అంకె ముద్ర ఉంటుంది. సాధారణంగా వెనక మూత లోపలి వైపు ఉంటుంది, కొన్నిటికి కొమ్ముల మీద కూడా వేస్తారు. 750 అంటే వెయ్యి పాళ్లలో 750 పాళ్లు మేలిమి బంగారం, అంటే 18 క్యారెట్లు. 585 అంటే 14 క్యారెట్లు. 375 అంటే 9 క్యారెట్లు, ఇంగ్లండులో కేసు కట్టిన పాత వాచీల్లో ఇది ఎక్కువ. మన నగలకు అలవాటైన 916, అంటే 22 క్యారెట్లు, వాచీల్లో అరుదు. అంత మెత్తటి బంగారం రోజూ చేతికి పెట్టుకునే కేసుకు నిలవదు.

స్విట్జర్లాండ్‌లో తయారైన వాచీలకు అంకెతో పాటు బొమ్మ ముద్ర కూడా ఉంటుంది. పాత వాచీల్లో 18 క్యారెట్లకు ఒక స్త్రీ తల బొమ్మ, 14 క్యారెట్లకు ఉడుత బొమ్మ వేసేవారు. 1995 నుంచి వాటి స్థానంలో సెయింట్ బెర్నార్డ్ కుక్క తల వచ్చింది. ఇంగ్లండు ముద్రల్లో చిరుతపులి తల ఉంటే లండన్, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్. ఈ ముద్రలు భూతద్దంలో స్పష్టంగా కనిపిస్తాయి.

మన దేశంలో నగలకు 2021 జూన్ నుంచి హాల్‌మార్క్ తప్పనిసరి చేస్తూ వచ్చారు. 2023 ఏప్రిల్ నుంచి ఆరు అక్షరాలు అంకెల హెచ్‌యూఐడీ లేకుండా కొత్త నగలు అమ్మకూడదు. అయితే వాచీలకు ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి "హాల్‌మార్క్ లేదు, ఇది బంగారం కాదు" అని ఎవరైనా అంటే అక్కడే నమ్మేయకండి. పాత వాచీకి దాని దేశపు ముద్రే సాక్ష్యం.

షాపులో మిషన్ మీద పెట్టి శాతం చెప్పే పరీక్ష వస్తువును పాడు చేయదు, అది మంచిదే. కానీ ఆ మిషన్ పై పొరను మాత్రమే చదువుతుంది. మందమైన పూత ఉంటే అది కూడా మేలిమిలాగే కనిపిస్తుంది. అందుకని మూత లోపలి వైపు కూడా పెట్టి చూడమనాలి. గీటురాయి మీద గీసి ఆమ్లం వేసే పరీక్షకు మాత్రం కేసు ముందు వైపు ఇవ్వకండి. ఒక్క గీత చాలు, తర్వాత వచ్చే కొనుగోలుదారు ధర తగ్గించడానికి.

బంగారం లెక్క

బంగారం అని తేలాక అడుగు ధర కట్టాలి. అంటే ఏమీ లేకపోయినా కరిగిస్తే వచ్చే ధర. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. మొత్తం వాచీ తూకం బంగారం తూకం కాదు. అద్దం, డయల్, మిషన్, తోలు బెల్టు, దాని బకిల్ తీసేయగా మిగిలిన కేసు బరువే లెక్క. బకిల్ మీద కూడా బంగారు ముద్ర ఉంటే దాన్ని కలుపుకోవచ్చు. చేతి గొలుసు కూడా బంగారమే అయితే అసలు బరువంతా అందులోనే ఉంటుంది.

ఒక ఉదాహరణ చూడండి. కేసు 14 గ్రాములు, ముద్ర 750 అనుకోండి. 14ను 0.75తో గుణిస్తే 10.5 గ్రాముల మేలిమి బంగారం. లెక్క సులువు కోసం మేలిమి గ్రాము 10,000 రూపాయలు అనుకుంటే 1,05,000 రూపాయలు. షాపువాడు తరుగు, కరిగింపు ఖర్చు, తన లాభం తీసేసి 80,000 ఇస్తానంటాడనుకోండి. ఇది అడుగు ధర. దీనికంటే తక్కువకు వాచీ ఇవ్వాల్సిన పని లేదు. అసలు ప్రశ్న, దీనికంటే ఎంత ఎక్కువ అన్నది.

వాచీకి వాచీగా ఉన్న ధర

2017 అక్టోబర్‌లో న్యూయార్క్ వేలంలో అమెరికన్ నటుడు పాల్ న్యూమన్ పెట్టుకున్న రోలెక్స్ డేటోనా వాచీ కోటీ 77 లక్షల డాలర్లకు పైగా పలికింది. ఆ వాచీలో బంగారం లేదు, అది స్టీలు వాచీ. పాత వాచీ ధరను లోహం ఒక్కటే నిర్ణయించదని దీన్నిబట్టి అర్థమవుతుంది. మన బీరువాలో అలాంటిది దొరుకుతుందని కాదు. కానీ సూత్రం ఒకటే: ఎవరు చేశారు, ఏ మోడల్, ఎంత అసలుగా మిగిలింది, ఎవరి చేతికి ఉండేది.

పేరు. రోలెక్స్, ఒమేగా, పాటెక్ ఫిలిప్, లాంజీన్స్ లాంటి పేర్లకు పాత వాచీల బజారులో గిరాకీ ఉంది. 1952లో మొదలైన ఒమేగా కాన్‌స్టలేషన్, 1956లో వచ్చిన రోలెక్స్ డే-డేట్ లాంటివి బంగారం తూకం కంటే బాగా ఎక్కువ పలకొచ్చు. డే-డేట్‌ను కంపెనీ బంగారంలో, ప్లాటినంలో మాత్రమే చేసింది. ఫావ్ర్ లూబా, వెస్ట్ ఎండ్ వాచ్ కంపెనీ పేర్లు మన పెద్దలకు బాగా తెలుసు, ఈ రెండూ దశాబ్దాల పాటు హిందుస్థాన్‌లో అమ్ముడుపోయాయి. వీటి ధర మోడల్‌ను బట్టి మారుతుంది. పేరు తెలియని కంపెనీ బంగారు వాచీ, ఆడవాళ్ల చిన్న సైజు బంగారు వాచీ చాలాసార్లు బంగారం ధర దగ్గరే ఆగిపోతాయి.

డయల్. పాత వాచీలో అన్నిటికంటే ఖరీదైన భాగం చాలాసార్లు డయలే. కాస్త రంగు మారినా, చిన్న మచ్చలు పడినా అసలు డయల్ అసలుదే. "పాతగా ఉంది కదా" అని మళ్లీ రంగు వేయిస్తే విలువ సగానికి సగం పడిపోయే ప్రమాదం ఉంది. మన దేశంలో ఈ అలవాటు ఎంత ఎక్కువంటే, రంగులు వేసిన డయల్, వేరే వాచీల నుంచి తెచ్చిన భాగాలు కలిపిన వాచీలకు విదేశీ సేకర్తలు 'ముంబై స్పెషల్' అని వెక్కిరింపుగా పేరు పెట్టారు. అక్షరాలు వంకరగా ఉన్నా, గీతలు గంట గుర్తులతో కలవకపోయినా, రంగు మరీ నిగనిగలాడుతున్నా అనుమానించాలి.

గల్ఫ్ గుర్తులు. ఇది మన కుటుంబాలు ప్రత్యేకంగా చూసుకోవాల్సిన విషయం. ఒమాన్, సౌదీ, ఎమిరేట్స్ పాలకులు, ప్రభుత్వాలు బహుమతులుగా ఇవ్వడానికి డయల్ మీద తమ చిహ్నం వేయించి వాచీలు చేయించేవారు. ఒమాన్‌కు ఖంజర్, సౌదీకి ఖర్జూర చెట్టు కింద రెండు కత్తులు, ఎమిరేట్స్‌కు డేగ. సుల్తాన్ ఖాబూస్ కాలంలో ఖంజర్ గుర్తుతో చేయించిన రోలెక్స్ వాచీలకు ఈరోజు సేకర్తల్లో విపరీతమైన గిరాకీ ఉంది. అక్కడ డ్రైవరుగా, వంటవాడిగా, ఆఫీసు పనిలో ఏళ్ల తరబడి నమ్మకంగా ఉన్న మనిషికి యజమాని ఇనాముగా ఇచ్చిన వాచీ మన ఊళ్లో బీరువాలో ఉండటం వింతేమీ కాదు. డయల్ మీద ఇలాంటి గుర్తు కనిపిస్తే ఎవరికీ తొందరపడి ఇవ్వకండి. నకిలీ గుర్తులు వేసినవీ ఉన్నాయి కాబట్టి నిపుణుడికి చూపించడం తప్పనిసరి. వాచీ ఇచ్చినప్పటి ఉత్తరం, ఫొటో, డబ్బా ఉంటే వాటిని వాచీతోనే ఉంచండి. వాటికీ విలువ ఉంది.

కేసు, మిషన్. పదే పదే పాలిష్ పట్టించిన కేసు అంచులు గుండ్రంగా అరిగిపోతాయి, ముద్రలు చెరిగిపోతాయి. అరగని కేసుకే ధర. లోపలి మిషన్ మీద ఉన్న కంపెనీ పేరు, డయల్ మీద పేరు కలవాలి. ఒమేగా వాచీల్లో మిషన్ మీద ఉండే సీరియల్ నంబరును బట్టి తయారైన సంవత్సరం దాదాపుగా చెప్పొచ్చు. పాత రోలెక్స్‌లో బెల్టు విప్పితే కొమ్ముల మధ్య కేసు మీద నంబర్లు కనిపిస్తాయి: 12 వైపు మోడల్ నంబరు, 6 వైపు సీరియల్ నంబరు. పాటెక్ ఫిలిప్ లాంటి కంపెనీలు తమ పాత రికార్డుల నుంచి రుసుము తీసుకుని వివరాల పత్రం ఇస్తాయి.

చేయకూడని పనులు

విలువ తెలిసేదాకా వాచీని ఉన్నది ఉన్నట్టు ఉంచండి. పాలిష్ వద్దు, కొత్త డయల్ వద్దు, కొత్త కీ వద్దు. కత్తితో మూత లేపొద్దు. ఏళ్లుగా ఆగి ఉన్న వాచీకి బలవంతంగా కీ ఇవ్వొద్దు, ఎండిపోయిన నూనెతో పళ్లు అరిగిపోతాయి. మెకానిక్ దగ్గర వదిలిపెట్టాల్సి వస్తే ముందు డయల్, వెనక మూత, లోపలి మిషన్, నంబర్లు ఫొటోలు తీసుకుని, రసీదు మీద నంబరు రాయించుకోండి. భాగాలు మారిపోయాయని తర్వాత గొడవ పడేకన్నా ఇది మేలు.

ఇంకో జాగ్రత్త. 1960ల వరకు చీకట్లో వెలిగే ముళ్లకు, అంకెలకు రేడియం పూసేవారు. వెలుగు పోయినా రేడియం పోదు. అలాంటి డయల్‌ను గీకడం, ఆ పొడి పీల్చడం ప్రమాదం. పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వొద్దు. తర్వాత వచ్చిన వాటిలో డయల్ అడుగున 'టీ' అక్షరం ఉంటే అది ట్రిటియం, దాని ప్రమాదం రేడియం కంటే చాలా తక్కువ.

ధర కనుక్కునే పద్ధతి

ఆన్‌లైన్‌లో అదే మోడల్‌కు ఎవరో పెట్టిన ధర చూసి సంబరపడొద్దు. అది అడుగుతున్న ధర, అమ్ముడుపోయిన ధర కాదు. వేలం సంస్థల వెబ్‌సైట్లలో పూర్తయిన వేలాల ఫలితాలు కనిపిస్తాయి, అవి నికరమైనవి. మోడల్ నంబరు, బంగారం క్యారెట్, డయల్ స్థితి మూడూ కలిసినవాటితోనే పోల్చుకోవాలి. ఆ ధరలో కూడా వేలం సంస్థ కమిషన్ పోతుందని గుర్తుంచుకోండి.

తర్వాత కనీసం ముగ్గురికి చూపించండి: ఒక బంగారం షాపు, ఒక పాత వాచీల వ్యాపారి, ఒక అనుభవమున్న వాచీ మెకానిక్. మెకానిక్‌కు అమ్మబోమని ముందే చెప్పి, పరీక్షకు రుసుము ఇచ్చి అభిప్రాయం అడగండి. కొనాలనుకునేవాడు ధర తగ్గించి చెప్పడం సహజం. కొనని మనిషి చెప్పే మాటలో స్వార్థం తక్కువ. ముగ్గురి మాటలూ కాగితం మీద తేదీతో రాయించుకోండి. అమ్మేటప్పుడు ఒక మనిషి దగ్గర ఒకే రోజు 2 లక్షలు, ఆపైన నగదు రూపంలో తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు, బ్యాంకు ద్వారానే తీసుకోండి.

వాచీ ఎవరిది?

ఇంటి పెద్ద చనిపోయాక వాచీ తర్కాలో భాగం. కఫన్ దఫన్ ఖర్చులు, అప్పులు (భార్యకు ఇవ్వని మెహర్ ఉంటే అదీ అప్పే), మూడో వంతుకు మించని వసియ్యత్ పోగా మిగిలింది వారసులది. "అబ్బా బతికుండగానే నాకే అన్నారు" అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఆయన బతికుండగా చేతికి ఇచ్చేసి, స్వాధీనం చేసి ఉంటే అది హిబా, ఆ కొడుకుదే. "నా తర్వాత నువ్వు తీసుకో" అని మాత్రమే అని ఉంటే అది వారసుడికి చేసిన వసియ్యత్. మిగతా వారసులు ఒప్పుకుంటే తప్ప అది చెల్లదు.

ఇప్పుడు పై ఉదాహరణకే తిరిగి రండి. మృతుడి తల్లిదండ్రులు లేరు. భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారనుకోండి. షాపువాడు చెప్పిన 80,000 విలువే పట్టుకుంటే భార్యకు ఎనిమిదో వంతు 10,000. మిగిలిన 70,000 అయిదు భాగాలు: కూతురికి 14,000, ఒక్కో కొడుక్కి 28,000. సరిగ్గా విచారిస్తే ఆ వాచీ 2,40,000 పలుకుతుందని తేలింది అనుకోండి. అప్పుడు తల్లికి 30,000, కూతురికి 42,000, కొడుకులకు 84,000 చొప్పున. పెద్దకొడుకు "80 వేలే కదా" అని వాచీ తన దగ్గర ఉంచుకుని అందరికీ పంచేస్తే, తల్లికి 20,000, చెల్లెలికి 28,000 తక్కువ ముడుతుంది. తమ్ముడికి 56,000 తక్కువ. అతను కావాలని చేయకపోవచ్చు. అయినా లెక్కలో నష్టం నష్టమే.

అందుకే వాచీ ఒకరే ఉంచుకోవాలనుకుంటే విలువ కట్టే రోజు అందరూ ఉండాలి. కాగితం మీద మూడు ధరలు అందరూ చూడాలి. ఒప్పుకున్న ధరకు ఉంచుకున్నవాళ్లు మిగతావాళ్ల వాటా డబ్బుగా ఇచ్చేయాలి. చెల్లెలు తన వాటా ఇష్టంగా వదులుకుంటే అది ఆమె ఇష్టం. కానీ ఎంత వదులుకుంటోందో ముందు ఆమెకు తెలియాలి.

పెట్టుకోవడం, జకాత్

మగవాళ్లకు బంగారం ధరించడం నిషిద్ధం కాబట్టి అబ్బాజాన్ బంగారు వాచీని కొడుకు చేతికి పెట్టుకోవడం కుదరదు. పూత వాచీల విషయంలో ఆలిమ్‌లలో అభిప్రాయ భేదాలున్నాయి, నమ్మకమైన వారిని అడగడం మేలు. ఇంట్లో దాచుకున్న బంగారు వాచీలోని మేలిమి బరువు మాత్రం, హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం, జకాత్ లెక్కలో మిగతా బంగారంతో కలుస్తుంది. పై ఉదాహరణలో అది 10.5 గ్రాములు. బంగారం నిసాబ్ ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు. ఈ తులం పాత తులం, 11.66 గ్రాములది. ఇప్పుడు షాపుల్లో వాడుకగా చెప్పే 10 గ్రాముల తులం కాదు.

వాచీ అమ్మినా, ఉంచుకున్నా నిర్ణయం కుటుంబానిదే. కానీ ఆ నిర్ణయం షాపు కౌంటర్ దగ్గర పది నిమిషాల్లో కాకుండా, ఇంట్లో అందరూ కూర్చుని, నిజమైన ధర తెలిశాక జరగాలి. బీరువాలో వాచీ ఇన్నేళ్లు ఉంది. ఇంకో నెల ఆగితే పోయేదేమీ లేదు.